పన్నెండులో ఒకటి తక్కువ

గోడగడియారంలో మూడూ పది. నాలుగింటికి ఆపరేషను గది ఖాళీ అవుతుందని డాక్టరు చెప్పి వెళ్ళాడు. అంటే ఇంకా యాభై నిమిషాలు, ఒక పీరియడు కంటే కాస్త ఎక్కువ. ఈలోగా ఆ బొమ్మ ఎక్కడైనా దొరికితే సరే. దొరక్కపోతే ఏడాదిన్నర పిల్లకి మత్తిచ్చి, గొంతులోంచి సన్నటి గొట్టం ఊపిరితిత్తుల దాకా దించి, దాని కొసనున్న కెమెరాతో లోపల వెతుకుతారు. ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదు. ఏమీ కనపడలేదంటే ఏమీ లేదని కాదట, ప్లాస్టిక్కు ఎక్స్‌రేలో పడదట. ముప్పై నాలుగేళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పి రిటైరైన మనిషికి ఈ సంగతి ఇవాళ మధ్యాహ్నం తెలిసింది. బెంచీ చల్లగా ఉంది. ఎదురుగా అద్దం తలుపు, అవతల మంచం మీద చంటిది, దాని మీదకి వంగిన కూతురి వీపు. వీపు మాత్రమే కనపడుతోంది. ఆఫీసునుంచి పరుగెత్తుకొచ్చిన దగ్గర్నుంచీ కూతురు ఆమెని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండును. ఇటుపక్క ఐదేళ్ళ పెద్ద మనవరాలు, ఇంట్లో అందరూ బుజ్జమ్మ అని పిలిచే పిల్ల, చెప్పులు విడిచేసి బెంచీ మీద మఠం వేసుక్కూర్చుంది. ఒళ్ళో బూట్ల అట్టపెట్టె. పెట్టెలో పదకొండు డైనోసార్లు.

పన్నెండుండాలి. ఏడో నంబరు లేదు. ఏడో నంబరంటే అన్నిటికంటే చిన్నది, కాళ్ళూ తోకా పొట్టకిందికి ముడుచుకుని నిద్రపోతున్న పిల్ల, చిటికెనవేలి రెండు కణుపులంత పొడుగు. మింగడానికే చేసినట్టుంటుంది. తెలియదా ఆమెకి? తెలుసు కనకనే బొమ్మలు దాచిన ఇసుక తొట్టిని భోజనాల బల్ల మీద పెట్టింది, చంటిదాన్ని కింద చాప మీద గిన్నెలూ గరిటెలూ ఇచ్చి కూర్చోబెట్టింది, పెద్దదాని చేతికి పాత టూత్‌బ్రష్షు ఇచ్చి మెల్లిగా దులపమంది. తర్వాత కళ్ళజోడు కోసం లోపలికి వెళ్ళింది. రెండు నిమిషాలు, పోనీ మూడు. కళ్ళజోడు నెత్తిమీదే ఉంది. తిరిగొచ్చేసరికి చంటిది కుర్చీ ఎక్కి నిలబడి ఉంది, గుప్పిట్లో ఇసుక, మూతినిండా ఇసుక, దగ్గు. మూడు రోజులుగా జలుబుతో దగ్గుతూనే ఉంది, కానీ ఇది ఆ దగ్గులా లేదు. లేదా? ఇప్పుడు అడిగితే తేల్చి చెప్పలేదు. నోట్లో వేలు పెట్టి చూసింది, ఇసుక తప్ప ఏమీ రాలేదు. తవ్వకం ముగించి లెక్కపెడితే పదకొండు. ఇసుకంతా జల్లెడ పట్టింది. బల్లకింద, చాపకింద, సోఫా సందుల్లో, పిల్ల గౌను మడతల్లో, డైపరులో, ఆఖరికి చీపురు పుల్లల మధ్య కూడా వెతికింది. మోకాళ్ళ మీద వంగి అలా వెతుకుతుండగా వెనకనుంచి చంటిది ఊపిరి తీసుకుంటున్న చప్పుడు వినపడింది. ఈల వేసినట్టు, సన్నగా.

డాక్టరు కుర్రాడే, ఓపిగ్గా అడిగాడు. బొమ్మలు పన్నెండు ఉన్నాయని కచ్చితంగా చెప్పగలరా మేడమ్ అన్నాడు. కచ్చితంగా ఉన్నాయండీ అంది. ఆ మాట ఇప్పుడు నాలుక మీద ఇసుకలా ఉంది. బళ్ళో పిల్లలు వ్యాసాల్లో కచ్చితంగా అని రాస్తే ఎర్ర సిరాతో సున్నా చుట్టేది, నీకు కచ్చితంగా తెలిసినవి ఎన్ని ఉన్నాయో వేళ్ళ మీద చెప్పు చూద్దాం అనేది. ఆ సున్నాలన్నీ ఒక్కొక్కటీ దొర్లుకుంటూ వచ్చి ఈ వరండాలో ఆమె కాళ్ళదగ్గర ఆగాయి. పెట్టె మూత లోపలివైపు ఆయన రాత ఉంది, నల్ల సిరాతో, పాఠశాల రికార్డుల్లో రాసినట్టు నిటారుగా: మొత్తం 12. ఆట అయిన పిమ్మట లెక్క చూసి పెట్టవలెను. ఆయన రాత మీద ఆమెకి అనుమానం వచ్చిన రోజు లేదు. ముప్పైమూడేళ్ళ కాపురంలో ఆయన లెక్క ఒక్కసారీ తప్పలేదు, మొన్న వేసవిలో నాలుగు మెట్లు ఎక్కి ఐదో మెట్టు మీద కూర్చుండిపోయేదాకా. నాలుగు నెలలైంది. పెట్టె అప్పట్నుంచీ బీరువా మీదే ఉంది. ఈ పొద్దున దింపి, మూత తీసి, ఆ రాత చదివి, అన్నిటినీ ఒక్కసారిగా ఇసుకలో బోర్లించి చేత్తో కప్పేసింది. లెక్కపెట్టలేదు. లెక్కపెట్టాలంటే గొంతెత్తి ఒకటీ, రెండూ అనాలి, ఆ ఇంట్లో అలా లెక్కపెట్టే గొంతు ఒకటే ఉండేది.

పొద్దున కూతురు గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, ఉండగలవా అమ్మా, పోనీ ఇవాళ్టికి క్రెష్‌లో అడిగి చూడనా అంది. నలభై మందిని చూసినదాన్ని ఇద్దర్ని చూడలేనటే అంది ఆమె. ఆ నలభై మందిని చూసే రోజుల్లో నువ్వు స్టవ్ మీద పాలు పెట్టి బజారుకి వెళ్ళిపోలేదుగా అంది కూతురు. ఇద్దరూ నవ్వారు. కూతురి నవ్వు ముందు ఆగిపోయింది. పాలు ఒకసారి, తాళం చెవి లోపల పెట్టి తలుపు లాగేసుకోవడం రెండుసార్లు. రెండోసారి తర్వాతే ఎదురింటి దర్జీ ఆవిడ దగ్గర మారు తాళం ఉంచడం మొదలుపెట్టింది. క్రెష్‌కి దరఖాస్తు కాగితం కూతురి హ్యాండ్‌బ్యాగులో ఉంది, ఆమె చూసింది, చూడనట్టు ఊరుకుంది. ఇవాళ ఒక్కరోజు సాఫీగా గడిస్తే ఆ కాగితం బ్యాగులోనే నలిగిపోతుందనుకుంది. ఆయన ఆడించే ఆటే ఆడిస్తే పిల్లలకీ ఇల్లు ఇల్లులా ఉంటుందనుకుంది. ఇప్పుడు క్రెష్ సంగతి ఎవరికి గుర్తుంది? పిల్ల బతికి బయటపడితే ఏ బడిలో వేసుకున్నా సరే, ఆమె నోరెత్తదు. మూడూ పద్దెనిమిది. నర్సు ఒకామె చక్రాల బల్ల తోసుకుంటూ వెళ్ళింది, ఒక చక్రం కిర్రుమంటోంది, ఊపిరిలో ఈలలాగే.

ఆయన ఆడిస్తే ఇల్లంతా బడి అయ్యేది. గోధుమపిండి ముద్ద చేసి దాని మీద డైనోసార్ల కాళ్ళు అద్దించి, ఈ అడుగు ఎవరిదో చెప్పమనేవాడు, అడుగుకీ అడుగుకీ మధ్య ఎంత దూరమో జానతో కొలిపించేవాడు. పేర్ల పని ఆమెది, ఆమె తెలుగు టీచరు కదా. టై-రా-నో-సా-రస్ అని చప్పట్లు కొట్టించేది, ఐదు చప్పట్లు, అవి అయ్యాక మన భాషలో కూడా దానికో పేరు పెట్టమనేది. బుజ్జమ్మ పెట్టిన పేర్లు కోరపళ్ళది, మూడుకొమ్ములది, సోమరిపోతు. సోమరిపోతు అంటే ఏడో నంబరు, ఎప్పుడూ నిద్రపోతుంది కనక. పేరెందుకు, నంబరు చాలు అని ఆయన ప్రతిదాని పొట్ట మీదా వైట్‌నర్‌తో అంకె వేశాడు. నంబరు పెట్టి పిలవడానికి అవేం ఖైదీలా అని ఆమె దెబ్బలాడింది. ఒకసారి పొడుగుమెడదాని అసలు పొడవు చూపిస్తానని పురికొస కొలిచి హాల్లోంచి లాగితే ఇల్లు చాల్లేదు, గుమ్మం దాటింది, నడవా దాటింది, ఎదురింటి దర్జీ తలుపు తీసి వాళ్ళ వంటింటి దాకా లాక్కెళ్ళాడు మనవరాల్ని వెంటేసుకుని. మాస్టారూ, తోక మీ ఇంట్లో, తల మా ఇంట్లోనా, అయితే మేత మా మీద పడేశారన్నమాట అంది దర్జీ, మిషను ఆపకుండానే. ఆయన ఎంత నవ్వాడో. ఆ పురికొస ఇంకా ఉంది, ఉండ చుట్టి, వంటింటి సొరుగులో. అది అక్కడ ఉందని ఆమెకి తెలుసు. ఇంట్లో ఎక్కడెక్కడ ఏమున్నాయో అన్నీ తెలుసు, వాటి చుట్టూ చూసుకుని నడుస్తుంది, నిద్రపోతున్న పిల్లల మధ్యనుంచి నడిచినట్టు.

ఆయన బట్టలన్నీ ఇచ్చేశాను అని కూతురికి చెప్పింది. అన్నీ కాదు. ఆ రోజు బుజ్జమ్మతో ఆట మధ్యలో ఆయనకి చెమటలు పట్టాయి. చొక్కా విప్పి ఆమె చేతికిచ్చి, కాస్త గాలి తగిలేలా మేడమీదికి వెళ్తానన్నాడు. ఆమె చొక్కా మడతపెట్టింది. అలవాటు. భుజాలు కలిపి, చేతులు వెనక్కి మడిచి, గుండీల వరస పైకి వచ్చేలా. ఆ అరనిమిషంలో ఆయన ఐదో మెట్టు దగ్గర ఒక్కడే ఉన్నాడు. తర్వాత జరిగినవన్నీ, అంబులెన్సూ, ఇదే ఆసుపత్రిలో కింది అంతస్తూ, ఆమెకి చెదురుమదురుగా గుర్తున్నాయి గానీ మడత మాత్రం ప్రతి గీతా గుర్తుంది. నీలం గళ్ళ చొక్కా. ఆ మడత విప్పలేదు, ఉతకలేదు, తలగడ గలీబులో దూర్చి దాని మీద పడుకుంటోంది. జేబులో చాక్‌పీసు ఉంది. రోజూ రాత్రి పక్కకి ఒత్తిగిలితే చెంపకి గట్టిగా తగులుతుంది. ఉండదా మరి. రిటైరయ్యాక కూడా జేబులో చాక్‌పీసు లేకుండా బయటికి వెళ్ళింది లేదు ఆయన. ఎన్నిసార్లు పోట్లాడిందో దాని గురించి. బస్సులో నిలబడి వచ్చేసరికి జేబులో పిండి, మర్చిపోయి నానబెడితే బాల్చీ అంతా పాలు. ఆ చాక్‌పీసు తీసేద్దామని కూడా అనుకోలేదు, చెంపకి తగిలితే తగలనీ అని ఇంకోవైపు తిరిగి పడుకునేది. అయినా ఇప్పుడు ఇదంతా ఎందుకు, పిల్ల అక్కడ మంచం మీద ఉంటే. మనసుకి సిగ్గు లేదు, ఎక్కడికి పోవద్దంటే అక్కడికే పోతుంది.

అద్దం తలుపు తెరుచుకుంది. కూతురి చేతిలో కాగితం, కాగితం మీద క్లిప్పుతో పెన్ను.

"సంతకం పెట్టమంటున్నారు" అంది కూతురు. గొంతు మామూలుగానే ఉంది. "మా ఆయన ఫోన్ ఎత్తట్లేదు. డ్యూటీలో ఉన్నట్టున్నాడు."

"మత్తు ఎంతసేపు ఇస్తారట?"

"అరగంట. చిన్నపిల్ల కదా, ఏమీ కాదనే చెప్తున్నారు. ఏమీ కాదని రాసి ఇవ్వండంటే మాత్రం నన్ను రాసిమ్మంటున్నారు." కాగితం వైపు చూసింది. "అమ్మా, ఒక్కసారి నిదానంగా ఆలోచించి చెప్పు. పన్నెండూ ఇసుకలో వేశావా?"

"మూత మీద పన్నెండని ఉంది."

"మూత సంగతి కాదు. నువ్వు లెక్కపెట్టావా?"

ముప్పై నాలుగేళ్ళు ఈ ప్రశ్న వేసింది ఆమే. బల్ల ముందు నిలబెట్టి, నిదానంగా, నిజం తప్ప ఇంకేదీ బయటికి రావడానికి దారి లేకుండా. "లేదు" అంది.

కూతురు పెన్ను క్లిప్పులోంచి తీసి మళ్ళీ పెట్టింది. "డాక్టరుకి కచ్చితంగా అన్నావు."

"అన్నాను."

"సోమరిపోతు తాతయ్య దగ్గరుందని నేను పొద్దున్నే చెప్పాను" అంది బుజ్జమ్మ, పెట్టెలోంచి తలెత్తకుండా. "ఎవరూ వినిపించుకోరు."

"బుజ్జమ్మా, నువ్వు కాస్త ఊరుకో" అని కూతురు గోడవైపు తిరిగి మళ్ళీ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది. భర్త ఫోన్ మోగుతున్న చప్పుడు ఇక్కడిదాకా వినపడుతోంది, మోగుతోంది, మోగుతోంది.

నిజమే, పొద్దున అంది. ఇసుక జల్లెడ పడుతుంటే అంది. తాతయ్య దగ్గరుంది అమ్మమ్మా అని, కంగారేమీ లేకుండా. తాతయ్య లేడు కదమ్మా అని ఆమె జవాబు చెప్పింది, మెత్తగా, మాట మాట తూచి, ఇలాంటప్పుడు పిల్లలతో ఎలా మాట్లాడాలో తెలిసిన మనిషిలా. పిల్ల ఒక సమాచారం చెప్తే తను ఓదార్పు ఇచ్చింది. ఎన్ని తరగతుల్లో ఇలా చేసిందో. జవాబు తెలిసిన పిల్ల వెనకబెంచీలో చెయ్యెత్తి కూర్చుంటే, పాపం నీళ్ళు తాగాలేమో అనుకుని బయటికి పంపింది. మూడూ ఇరవైఆరు. ఆమె బెంచీ మీంచి దిగి పిల్ల ముందు నేల మీద గొంతుక్కూర్చుంది, కళ్ళు కళ్ళకి సమంగా వచ్చేలా.

"తాతయ్య దగ్గరంటే ఎక్కడ?"

బుజ్జమ్మ ఆమెని జాలిగా చూసింది. "జేబులో. ఎప్పుడూ ఒకటి జేబులోనేగా పెట్టుకునేవాడు. పదకొండే దాచిపెట్టేవాడు. ఎవరు తప్పిపోయారో నేను చెప్పాలి, చెప్పాక తీసి ఇచ్చేవాడు. ఆ రోజు నేను చెప్పాను, సోమరిపోతు అని. రైటే. కానీ ఇవ్వకుండా వెళ్ళిపోయాడు."

జేబులో. లేదు, జేబులో ఉన్నది చాక్‌పీసు, ఆమెకి తెలుసు, నాలుగు నెలలుగా రోజూ తగులుతోంది, ఆ పొడుగూ ఆ గుండ్రమూ చెంపకి కంఠతా వచ్చాయి. తెలుసా? చూసిందా? చూడలేదు, మూత మీద అంకె నమ్మినట్టే నమ్మింది. పిల్లల మాట మీద ఆధారపడి డాక్టరుకి ఏం చెప్తావు, మళ్ళీ కచ్చితంగా అంటావా, ఒకసారి అన్నది చాలదా. బస్సులో నిలబడితేనే పిండయ్యే చాక్‌పీసు. వేలితో గట్టిగా నొక్కితే విరిగే చాక్‌పీసు. ముప్పై నాలుగేళ్ళు చేత్తో పట్టుకున్నది, దాని బలమెంతో వేళ్ళకి తెలియదా, అక్షరం దీర్ఘం గట్టిగా తీస్తేనే పుటుక్కుమనేది. అటువంటిది నాలుగు నెలలు తలకాయ బరువు కింద, ఇటు తిరిగి అటు తిరిగి, కొన్ని రాత్రులు నుదురు ఆనించి నొక్కి పెట్టి, నూట ఇరవై రాత్రులు. ఎప్పుడో పొడి అయిపోవాలి. గలీబంతా తెల్లబడాలి. నిన్న రాత్రి కూడా తగిలింది. గట్టిగా. విరగలేదు. అది చాక్‌పీసు కాదు.

లేచి నిలబడింది, ఒక కాలు తిమ్మిరెక్కి బెంచీ పట్టుకుంది. చెప్పాలంటే చొక్కా ఉందని చెప్పాలి. బట్టలన్నీ ఇచ్చేశాను అని కూతురి కళ్ళలోకి చూసి చెప్పిన నోటితోనే, ఆ కూతురు మూడడుగుల దూరంలో నిలబడి ఉండగా, ఎదురింటావిడకి ఫోన్ చేసి నా పక్క మీద వెతకమని చెప్పాలి. మతిమరుపుతో పాలు పొంగబెట్టిన మనిషి చనిపోయిన మొగుడి చెమట చొక్కా తలకింద పెట్టుకుని పడుకుంటోందని అందరికీ తెలియాలి. ఆ మడత ఇంకో మనిషి విప్పాలి. మూడూ ముప్పై. ఆటో పట్టుకుని తనే వెళ్తే వెళ్ళడానికి ఇరవై, రావడానికి ఇరవై, నాలుగూ పది. లెక్క కుదరదు. ఆయనైనా ఇదే చెప్పేవాడు, లెక్క కుదరనప్పుడు బతిమాలితే కుదరదు అని. ఆమె ఫోన్ తీసింది. వేలు రెండుసార్లు తప్పు పేరు మీద పడింది.

అవతల మిషను చప్పుడు ముందు వినపడింది, తర్వాత దర్జీ గొంతు. "చెప్పండి టీచరుగారూ. పిల్ల ఎలా ఉంది?"

"మా తాళం తీసి లోపలికి వెళ్ళండి. పడగ్గదిలో నా తలగడ ఉంటుంది, కిటికీ వైపుది. గలీబులో చెయ్యి పెడితే" అని ఆగింది. వెనక కూతురి చెవి దగ్గర మోగుతున్న ఫోన్ కట్టయింది. "ఆయన చొక్కా ఉంటుంది. జేబులో ఏముందో చూసి చెప్పండి. ఫోన్ పెట్టెయ్యకండి."

దర్జీ ఎందుకని అడగలేదు. మిషను ఆగింది. చెప్పుల చప్పుడు, తాళంచెవుల గుత్తి చప్పుడు, రెండో తిప్పుకి గానీ తెరుచుకోని తమ తాళం, తమ తలుపు కిర్రు. ఇంత దూరంనుంచి విన్నా తమదే అని తెలుస్తోంది. అద్దం అవతల నర్సు చంటిదాని చేతికి పట్టీ వేస్తోంది, చంటిది ఆ పట్టీని కొత్త బొమ్మలా చూస్తోంది. మూడూ ముప్పైనాలుగు. లేకపోతే? నిజంగానే చాక్‌పీసైతే? గట్టి రకం ఏదైనా కొన్నాడేమో, తనకి చెప్పకుండా. అప్పుడు ఇంతమంది ముందూ ఇదంతా విప్పుకుని కూడా ఆ గొట్టం దిగుతుంది. ఫోన్లో గుడ్డ కదిలిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు. చాలాసేపు ఏమీ లేదు.

"దొరికిందా?"

"చొక్కా దొరికింది. విప్పుతున్నా, మడత బిగిసిపోయింది టీచరుగారూ. ఉండండి. జేబుకి గుండీ పెట్టి ఉంది." ఊపిరి చప్పుడు. "చిన్న బల్లిపిల్ల. ఆకుపచ్చది. ముడుచుకుని పడుకుంది."

"పొట్ట చూడండి."

"ఏడు అని వేసుంది. తెల్లగా."

ఆమె ఫోన్ చేతికిచ్చేద్దామని వెనక్కి తిరిగితే కూతురు అక్కడే ఉంది, కాగితం రెండు చేతులతో పట్టుకుని. విన్నది. అంతా విన్నది. ఫోన్ తీసుకుని, పిన్నిగారూ, దాన్ని ఫోటో తీసి నాకు పంపండి, నంబరు కనపడాలి, డాక్టరుకి చూపించాలి అంది. అని ఆఫీసు నడకతో అద్దం తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోయింది. అద్దంలోంచి డాక్టరు ఫోన్ మీదకి వంగడం కనపడింది, చంటిదాని వీపు మీద మళ్ళీ స్టెతస్కోపు పెట్టి కళ్ళు మూసుకోవడం కనపడింది, నర్సుకి ఏదో చెప్తే నర్సు చక్రాల బల్లని పక్కకి తోసింది. ఆమె ఆ చక్రాన్నే చూస్తూ కూర్చుంది.

"పన్నెండు" అంది బుజ్జమ్మ, మూత పెడుతూ. "నేను ఒకటి తర్వాత వేస్తా."

కూతురు బయటికి వచ్చేసరికి ఆమె గడియారం వైపు చూడటం మర్చిపోయింది. ఈల జలుబుదే అయ్యుంటుందన్నారట, మందు పట్టిస్తారట, రాత్రికి ఇక్కడే ఉంచి చూస్తారట. కూతురు బెంచీ మీద ఆమె పక్కన కూర్చుని సంతకం లేని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. భుజానికి భుజం తగులుతోంది.

"గళ్ళదా?" అంది కూతురు.

"ఆ."

"నీలం గళ్ళది."

"ఆ."

"దానికోసం అలమారంతా గాలించాను. నువ్వు ఇచ్చేశావనుకుని" అని ఆగిపోయింది. బుజ్జమ్మ పెట్టె ఊపితే లోపల పదకొండూ గలగలమన్నాయి. కూతురు మళ్ళీ అంది, ఎటో చూస్తూ, మామూలు పని చెప్తున్నట్టు. "రాత్రికి నేను ఈ కుర్చీలోనే పడుకోవాలి. నువ్వు బుజ్జమ్మని తీసుకుని ఇంటికెళ్ళి స్నానం చేసి రా. వచ్చేటప్పుడు నాకో తలగడ పట్రా."

ఆమె తలూపింది. చెప్పుల కోసం కాలితో వెతుక్కుంది.

"నీదే" అంది కూతురు. "గలీబు మార్చకు."